బిగిసిన సొరుగు

వానకాలము ప్రవేశించినది మొదలు మన యిండ్లలో నొక చిన్న యుద్ధము నడచుచుండును. బల్ల సొరుగు బిగిసికొనిపోవును. ఇంటి యజమాని రెండు చేతులతోఁ బిడి పట్టుకొని, కాలు బల్లకుఁ దన్నిపెట్టి లాగును. పిడి యూడి చేతికి వచ్చును. సొరుగు మాత్రము కదలదు. పిమ్మట "పాడు బల్ల" యని తిట్టి వడ్రంగికిఁ గబురంపుదురు. నా యభిప్రాయమున నిందింపవలసినది బల్లను గాదు.

కఱ్ఱ చచ్చిన వస్తువని మనము తలంతుము. కాని చెట్టు కొట్టిన నూఱేండ్లకైనను నది గాలిలోని తేమను బీల్చుచు, విడుచుచునే యుండును. గాలిలోని తేమ నూటికి 65 పాళ్లున్నపుడు కఱ్ఱలో, దాని యెండు బరువునకు నూటికి సుమారు 12 పాళ్లు నీరుండును. గాలితేమ 90 పాళ్లకుఁ జేరి వారములకొలఁది నిలిచినచోఁ గఱ్ఱలోని నీరు సుమారు 20 పాళ్లగును. అట్లు నీరు త్రాగిన కఱ్ఱ అడ్డముగా నుబ్బును. నిడివిగా నుబ్బుట లెక్కింపఁదగినంత యుండదు. ఆఱంగుళముల వెడల్పు గల టేకుపలకను దీసికొందము. దానిలో నీరు 6 పాళ్లు పెరిగినచో, కోఁత వరుసను బట్టి సుమారు ఒక మిల్లీమీటరు మొదలు ఒకటిన్నర మిల్లీమీటరు వఱకు వెడల్పు పెరుగును. సొరుగు ప్రక్కపలకల నార ముందునుండి వెనుకకుఁ బోవును గనుక ఈ యుబ్బు నిలువునఁ గనఁబడును. అనఁగా సొరుగు ఎత్తు పెరుగును, వెడల్పు పెరుగదు. ఈ యొక్క సంగతి నెఱిఁగినవాఁడు సగము వడ్రంగి.

కావున సొరుగు ఎడమ కుడి ప్రక్కల నొరసికొనుచున్న యెడల నది వాన చేసిన తప్పు గాదు. మేకు తల పైకి వచ్చి యుండవచ్చును. అదుకులు వదలి యుండవచ్చును. లేదా నేల యెగుడుదిగుడై బల్ల కాలొకటి వ్రేలాడి చట్రమే వంకర పోయి యుండవచ్చును. అట్టిచోఁ జిత్రిక పట్టుట రోగమొకటి మందొకటి యగును.

ఈ మాటలు పుస్తకముఁ జూచి చెప్పుచున్నవి కావు. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుండి వచ్చిన క్రొత్తలో మా నాయన వ్రాఁతబల్ల సొరుగు శ్రావణమాసమున బిగిసెను. చదువుకొన్న కొడుకును గదా! తోపడా యెరువు తెచ్చి మీఁది యంచులను దిట్టముగాఁ జెక్కితిని. సొరుగు వెన్నవలె నడచెను. మా నాయన యిరుగుపొరుగువారిని బిలిచి చూపెను. మార్చి నెల వచ్చుసరికిఁ గఱ్ఱ యెండి తన కొలఁతకుఁ దాను తిరిగి వచ్చెను. నేను చెక్కివేసినది మాత్రము తిరిగి రాలేదు. బొద్దింకలు దూరునంత సందు మిగిలెను. లాగినపుడెల్ల సొరుగు ముక్కు క్రిందికి వ్రాలి, మునుపటికంటె నెక్కువగాఁ బట్టుకొనుచుండెను. మా నాయన నన్నేమియు ననలేదు. అట్టముక్కనొకదానిని మడిచి సందులో మీఁదివైపున నంటించుకొనెను. ఆయన పోయిన తరువాతఁ గూడఁ జాల యేండ్లు ఆ యట్టముక్క యందే యుండెను.

వానలలోఁ జెక్కవలదని నేను పట్టుపట్టుట యిందువలననే. అప్పుడు చేయఁదగిన పని వేఱు. సొరుగు రానియెడల, పైసొరుగు నూడఁదీసి లోనికిఁ జేయి పెట్టి వెనుకనుండి మెల్లగాఁ ద్రోయవలెను. వచ్చిన పిమ్మట ఖాళీ చేసి, యంచులకు సుద్ద రాచి (ఈ సరకు మా వృత్తిలో జేబునుండి తప్పదు), ఒకటి రెండు మార్లు లోనికిఁ ద్రోసి లాగవలెను. సుద్ద యెక్కడ చెరిగెనో అక్కడ నొరయుచున్నది. అచ్చోటను, సొరుగు నడచు పట్టెలమీఁదను గొవ్వొత్తిని గట్టిగా రుద్దినఁ జాలును. పెక్కు సొరుగులు దీనితోనే దారికి వచ్చును. కొందఱు కొబ్బరినూనె పూయుదురు. అది కఱ్ఱలోని కింకి, దుమ్మును బట్టి జిగురగును. సబ్బు కొంత పనిచేయును గాని తానే తేమను బీల్చును. మైనమే మేలు.

ఎండలు ముదిరినను సొరుగింకను బిగువుగా నున్నచో, అప్పుడు గరుకుకాగితమును జదునైన కఱ్ఱముక్కకుఁ జుట్టి రాయవలెను. దానికిని లొంగనిచోఁ దోపడాతో నార వెంబడి, కాగితమంత పలుచగాఁ దీయవలెను. రెండు మూఁడు పట్లకొకసారి పెట్టి చూడవలెను. వానకాలమునకై ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల సందు విడిచి, చెక్కినచోట వార్నిషు పూసిన మంచిది. అది తేమను బొత్తిగా నాపదు, ఆలస్యము చేయును. రంపపు పొట్టును బంకతో నదిమి చేసిన నేఁటి పలకలకు మాత్రము ఈ వైద్యము లేదు. అవి నీటికుబ్బిన నెండినను మరల యథాస్థితికి రావు.

ఒక విద్యార్థి తండ్రి నాతో, "మాస్టరుగారూ, మా వాఁడు కలము పట్టుటకు వచ్చినాఁడు గాని తోపడా పట్టుటకుఁ గాదు" అనెను. ఆ మాటలో గర్వము లేదు, భయము కలదు. తరతరములుగాఁ జేతిపనికే కట్టుపడి, దానివలన నవమానము నొందినవారు తమ బిడ్డలు ఆ చాయలకుఁ బోరాదని కోరుట సహజమే. మా తాతయు నట్టివాఁడే. ఆయన యఱచేతి కాయలను నేను చూచితిని. అయినను ఆ తండ్రితో నేకీభవింపఁజాలను. అవమానము పనిలో లేదు. పనిచేయువానికిఁ జదువు లేకుండఁ జేయుటలో నుండెను. ఇప్పుడు మన బాలుఁడు కఱ్ఱ తేమను బీల్చునని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొని, యింటికిఁ బోయి సొరుగును దన్నుచున్నాఁడు. చేతిపని గంటను గణితమునకు ధారపోయుచున్న ఉపాధ్యాయులము మేమును ఈ తప్పులో భాగస్వాములమే. ఎనిమిదవ తరగతి మొదలు ప్రతి విద్యార్థికి బడిలోని సొరుగునొకదానిని ఏడాది పొడవున నప్పగించి, వానలలో నొకసారి, వేసవిలో నొకసారి కొలిపించి చూడవలెనని నా కోరిక.

వడ్రంగి యక్కఱలేదని నా మాట కాదు. అదుకులు వదలినను, నడచు పట్టెలు అరిగి పల్లములు పడినను అతనినే పిలువవలెను, అడిగిన కూలి యియ్యవలెను. తోపడాను నాలుగు మార్లు పట్టినవాఁడు కూలి దగ్గఱ బేరమాడఁడు.

మా నాయన బల్ల యిప్పుడు నా గదిలో నున్నది. క్రిందటి వేసవిలో సొరుగు మీఁది యంచులకు సన్నని టేకుపట్టెలను బంకతో నంటించి, యారనిచ్చి, సరిచేసితిని. అట్టముక్కను బాఱవేయ మనసొప్పలేదు, సొరుగులోనే యుంచితిని.