ఫీజు తగ్గింపు వేరు, హక్కు వేరు

అమెరికాలో చదివే మన తెలుగు పిల్లలు చేప పట్టుకున్న ఫొటోలు పెడుతుంటారు, చూసే ఉంటారు. అక్కడ గాలం వెయ్యాలన్నా లైసెన్సు కావాలి. వేరే రాష్ట్రం వాళ్లకు ఫీజు బాగా ఎక్కువ. మోంటానా లాంటి చోట మాత్రం, అక్కడి కాలేజీల్లో చదివే బయటి విద్యార్థులకు వేట, చేపల లైసెన్సు తగ్గించి ఇస్తారు. మంచిదే. స్టూడెంట్ జేబు సంగతి మనకు తెలియదా!

కానీ అదే దేశంలో, వాషింగ్టన్ రాష్ట్రంలో, నిస్క్వాలీ తెగ మనిషి బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను తమ నదిలోనే సాల్మన్ పట్టినందుకు 1945లో అరెస్టు చేశారు. అప్పటికి ఆయనకు 14 ఏళ్లు. ఆ తర్వాత లెక్క 50 దాటింది. 1854 ఒప్పందంలో ఆ చేపల హక్కు రాసి ఉన్నా సరే! ఆయన డిస్కౌంట్ అడగలేదు. 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చాడు: పట్టదగ్గ చేపల్లో సగం ఒప్పందం చేసుకున్న తెగలదే.

మరి మన సంగతి? 2006 అటవీ హక్కుల చట్టం వేటను ఒప్పుకోలేదు. చేపలను మాత్రం సామూహిక హక్కుగా గుర్తించింది. పోడు పట్టాల కోసం ఎన్ని ఆఫీసులు తిరిగాం! మీ వాగు కోసం గ్రామసభ ఫారం-బి పెట్టిందా? ఈసారి సభలో లేచి అడగండి.