సినిమా చూసి ఏడవడం జబ్బా?

ప్రశ్న: డాక్టరు గారూ! నా వయసు 68. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. మావారు పోయి రెండేళ్ళయింది. తార్నాకలో ఇల్లు అద్దెకిచ్చి, నల్లకుంటలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కొడుకూ కోడలూ బాగానే చూస్తారు. నా బాధ వేరు. అందరూ పడుకున్నాక, చెవుల్లో వైర్లు పెట్టుకుని సెల్‌ఫోన్‌లో పాత హాలీవుడ్ ఏడుపు సినిమాలు చూస్తున్నాను. నటన అతి, కథ అసంభవం అని తెలుస్తూనే ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు షేక్‌స్పియర్ చెప్పినదాన్ని, ఈ చెత్త చూసి నవ్వుకుంటాను, ఆఖరికి వెక్కివెక్కి ఏడుస్తాను. పెళ్ళయిన కొత్తలో మావారు సికింద్రాబాద్ సంగీత్ థియేటర్‌కు ఇంగ్లీషు సినిమాలకు తీసుకువెళ్ళేవారు. రాత్రి రెండు దాటాక ఇక నిద్ర రాదు. స్నేహితురాలు చెప్పిందని మందుల షాపులో అల్‌ప్రజోలామ్ అర మిల్లీగ్రాము మాత్రలు కొని ఎనిమిది నెలలుగా వేసుకుంటున్నాను. బి.పి.కి, షుగరుకు మాత్రలున్నాయి. పోయిన నెల రాత్రి బాత్‌రూమ్‌లో తూలి పడ్డాను. నేల తడిగా ఉందని ఇంట్లో చెప్పాను. ఈ సినిమాల పిచ్చి మానసిక జబ్బా? ఎలా మానుకోవాలి?
– ఒక పాఠకురాలు, నల్లకుంట.

జవాబు: అమ్మా! మీ ఉత్తరంలో నాలుగు సంగతులున్నాయి: సినిమా, కన్నీళ్ళు, నిద్ర, మాత్ర. మీరు మొదటిదాని గురించి సిగ్గుపడి, చివరిదాన్ని మామూలు విషయంలా ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు భయం వేసింది ఆ చివరిదాని గురించే. ఒక్కొక్కటే చూద్దాం.

సినిమాల పిచ్చి జబ్బు కాదు. ‘చెత్త’ సినిమాలని తెలిసే ఇష్టంగా చూసేవాళ్ళ మీద జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు అధ్యయనం చేసి 2016లో ప్రకటించారు. అలాంటి ప్రేక్షకుల్లో చాలామంది సగటుకంటే ఎక్కువ చదువుకున్నవాళ్ళనీ, మంచి కళనూ అంతే ఇష్టంగా చూస్తారనీ తేలింది. షేక్‌స్పియర్ చెప్పిన మనిషి ఇవి చూడటంలో వింతేమీ లేదు. 1950లలో ఆడవాళ్ళ ఏడుపు సినిమాలని విమర్శకులు తీసిపారేసిన డగ్లస్ సర్క్ చిత్రాలను తర్వాత సినిమా పండితులే నెత్తిన పెట్టుకున్నారు. 1954లో వచ్చిన ఆయన సినిమా ‘మాగ్నిఫిసెంట్ అబ్సెషన్’ మీరు చూసే ఉంటారు. జల్సారాయుడు హీరో మూలంగా హీరోయిన్ భర్త పోతాడు, తర్వాత ఆమె చూపు పోతుంది. హీరో డాక్టరీ చదివి, తానే ఆపరేషన్ చేసి చూపు తెప్పిస్తాడు! వైద్యుడిగా నవ్వు వస్తుంది, ప్రేక్షకుడిగా కన్నీళ్ళు వస్తాయి. 1981లో ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని క్యాన్సర్ కథకు హాళ్ళలో రుమాళ్ళు తడుపుకున్న జనం మనం. ఒకరిని చూసి ఒకరు నవ్వనక్కరలేదు.

వైద్యం మాత్రం ఈ సినిమాల దగ్గర నేర్చుకోకండి. 1942 నాటి ‘రాండమ్ హార్వెస్ట్’లో మరచిపోయిన గతం కారు గుద్దితే గుర్తుకొస్తుంది. మన సినిమాల్లోనూ తలకు రెండో దెబ్బ తగిలితే జ్ఞాపకం తిరిగివస్తుంది. నిజ జీవితంలో రెండో దెబ్బ రెండో గాయమే. 

ఇక కన్నీళ్ళు. ఏడిస్తే వెంటనే మనసు తేలిక పడుతుందని అంటాం గాని అది పూర్తిగా నిజం కాదు. 2015లో ప్రకటించిన ఒక డచ్చి పరిశోధనలో కొందరికి దుఃఖపు సినిమాలు చూపించి, తర్వాత మనఃస్థితిని కొలిచారు. ఏడ్చినవాళ్ళకు సినిమా అవగానే మనసు ఇంకా కుంగింది. ఇరవై నిమిషాలకు మామూలైంది. గంటన్నర తర్వాత సినిమాకు ముందుకంటే కూడా బాగుంది. మీరేమో రాత్రి రెండింటికి, మనసు బాగా కుంగి ఉన్న ఆ క్షణంలో దీపం ఆర్పి పడుకుంటున్నారు. నిద్ర ఎలా వస్తుంది? అదే సినిమా సాయంత్రం ఆరింటికి చూస్తే, భోజనాల వేళకు మనసు కుదుటపడుతుంది.

ఇంకొక మాట. మీ కన్నీళ్ళన్నీ హీరోయిన్ కోసమే కావని మీకూ తెలుసు. సంగీత్ థియేటర్ మాట మీరే రాశారు. ఆ హాలు ఇప్పుడు లేదు, పక్క సీటులో కూర్చున్నవారూ లేరు. పదిమంది ముందు ఏడవలేనివారు సినిమా సాకుతో ఏడవడం సహజం. అందులో తప్పులేదు. చాటుగా ఏడవవలసి రావడమే కష్టం.

తప్పు చేస్తున్నామన్న భావన కూడా విశ్రాంతిని పాడుచేస్తుంది. 2014లో వచ్చిన మరో జర్మన్-డచ్చి పరిశోధన సారాంశం ఇది: అలసిన మనిషి టీవీ చూస్తూ ‘కాలం వృథా చేస్తున్నా’నని నొచ్చుకుంటే, ఆ చూడటం వల్ల రావలసిన సేద దక్కడం లేదు. అంటే సినిమా చూసినా సిగ్గుతో చూస్తే మందు తాగి పథ్యం తప్పినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. 1967లో వచ్చిన ‘వ్యాలీ ఆఫ్ ది డాల్స్’ను విమర్శకులు చీల్చి చెండాడారు. అతి నటనకూ, అతి సంభాషణలకూ నవ్వుకోవడానికే చాలామంది ఈనాటికీ దాన్ని చూస్తారు. కాని ఆ పేరులోని ‘డాల్స్’ బొమ్మలు కావు, మాత్రలు! నిద్రకోసం మొదలుపెట్టిన మాత్ర మనిషిని ఎలా లొంగదీసుకుంటుందో ఆ కథలో ఉంది. సినిమా నాసిరకమైనా సంగతి నిజం. ఆ కాలపు మాత్రలు వేరు, మీ అల్‌ప్రజోలామ్ వేరు. లొంగదీసుకునే గుణం మాత్రం దీనికీ ఉంది.

అరవై అయిదు దాటినవారికి ఈ జాతి మాత్రలు వీలైనంతవరకు ఇవ్వరాదని వృద్ధుల వైద్య నిపుణులు చెబుతారు. తూలు వస్తుంది, మతిమరుపు పెరుగుతుంది. పైగా మీకు బి.పి. మాత్ర కూడా ఉంది. రాత్రి గబుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మీరు పడటానికి కారణం తడి నేల కాదు, మాత్రే కావచ్చు. ఈసారి తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. 2014 నుంచి ఈ మందు షెడ్యూల్ హెచ్-1 జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, మీరు కొనకూడదు.

అయితే, అమ్మా, ఈ ఉత్తరం చదివి ఇవాళే మాత్ర మానేయకండి! ఎనిమిది నెలల అలవాటు. ఒక్కసారి ఆపితే నిద్ర అసలే పోతుంది, గుండె దడ, వణుకు వస్తాయి. ఒక్కొక్కరికి ఫిట్స్ కూడా రావచ్చు. మీ బి.పి. చూసే డాక్టరు దగ్గరకు వెళ్ళి, దాచకుండా చెప్పండి. వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించి మాన్పిస్తారు. పడినప్పుడు తల తగిలి ఉంటే ఆ సంగతీ చెప్పండి.

ఈలోగా ఇవి పాటించండి:

1. సినిమా సాయంత్రం, టీవీలో, దీపం వేసుకుని చూడండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను పడకగదిలో ఉండకూడదు.

2. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. షుగరున్నవారు రెండు గంటలు కదలకుండా కూర్చోకూడదు. చేతిలో మిక్శ్చరు పొట్లం వద్దు, గుప్పెడు వేయించిన శనగలు చాలు.

3. ఉదయం ఒకే వేళకు లేవండి. ఉస్మానియా ఆవరణ మీకు దగ్గరే. ఆర్ట్స్ కాలేజీ వైపు అరగంట నడిస్తే ఎండ తగులుతుంది, రాత్రి నిద్రకు అది సాయం. పగటి కునుకు అరగంట మించకూడదు. మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ వద్దు.

4. రాత్రి లేచినప్పుడు మంచం మీద ఒక నిమిషం కూర్చుని లేవండి. బాత్‌రూమ్‌కు వెళ్ళే దారిలో చిన్న దీపం ఉంచండి.

5. వారానికొక సినిమా ఎవరితోనైనా కలిసి చూడండి. కోడలిని పిలవండి, పాత తార్నాక స్నేహితురాలిని పిలవండి. ఒకరి పక్కన కూర్చుని నవ్వి ఏడిస్తే ఆ సిగ్గు దానంతటదే పోతుంది.

సినిమా లేకుండానే రోజూ ఏడుపు రావడం, రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి సయించకపోవడం, బతుకు వద్దనిపించడం – ఇవి ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. రెండేళ్ళయినా వియోగదుఃఖం రోజంతా కమ్ముకుని పనులు చేసుకోనివ్వకపోతే దానికీ చికిత్స ఉంది. మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలి-మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే, ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

ఈ జవాబు చదివే కొడుకులకూ కోడళ్ళకూ ఒక మాట. ఇంట్లో పెద్దవారు పాత సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటుంటే ‘ఏమిటీ చాదస్తం’ అని నవ్వకండి. పక్కన కూర్చోండి. అలాగే వారి మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఏ డాక్టరూ రాయని మాత్ర అందులో ఉంటే కోప్పడకుండా, వారినీ ఆ డబ్బానూ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి.