పదిమంది తినే బల్ల

కాఫీ షాపులకి, హోటళ్లకి పసివాళ్లని తీసుకెళ్లొద్దని నేననను. తల్లికీ ఓ కప్పు కాఫీ వేడిగా తాగాలని ఉంటుంది కదా! కానీ పదిమంది తినే బల్ల మీద డైపరు మార్చడం మాత్రం నాకు మింగుడుపడదు. పసిపిల్లల విరేచనాలకు ఓ పెద్ద కారణమైన రోటావైరస్ ఎక్కువగా మలం ద్వారానే పాకుతుంది. తడిగుడ్డతో తుడిచేస్తే పోయేది కాదు. తర్వాత అక్కడ కూర్చునేది మరో పసిబిడ్డే కావచ్చు.

వాడిన డైపరు కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకుందాం. చేతులు సబ్బుతో కడుక్కుందాం. కిందపడ్డ ఇడ్లీ ముక్కలు మనమే ఏరేద్దాం; ఊడ్చేదీ ఓ అమ్మే కావచ్చు.

అలాగే డైపరు మార్చేందుకు బాత్‌రూములో ఓ చెక్క పలక బిగించమని హోటలువాళ్లని గట్టిగానే అడుగుదాం. వేరే చోటు లేకే కదా, ఏ తల్లైనా ఆ బల్ల వైపు చూసేది!