ఏ వేళకు ఏ సహనం?



కొండాపూర్‌లో మగ్రిబ్ నమాజు తరువాత నేను పెద్దలకు ఖుర్ఆన్ పాఠం చెబుతుంటాను. వచ్చేవారిలో అధికులు ఐటీ ఉద్యోగులు. రెండేళ్ల క్రితం ఒక యువకుడు పాఠం ముగిశాక ఆగి తన బాధ చెప్పుకున్నాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అతని పైఅధికారి మీటింగు పెడుతున్నాడు. జుమా నమాజుకు ఆలస్యంగా చేరి, సలాం తిప్పిన వెంటనే పరుగున తిరిగి రావలసి వస్తున్నది. "మౌలానా, ఆ కోపమంతా సాయంత్రం పిల్లల మీద చూపిస్తున్నాను" అన్నాడు.

నేను అలవాటు ప్రకారం, "సబ్ర్ చెయ్యి బేటా! అల్లాహ్ ప్రతిఫలమిస్తాడు" అని పంపించాను.

నాలుగు నెలలు గడిచాయి. అతని సహధర్మచారిణి మా ఇంటికి వచ్చి నా భార్య ముందు కన్నీరు పెట్టుకున్నది. "ఇప్పుడు ఆయన అరవడం లేదు, కాని మాట్లాడడం కూడా మానేశారు. తలుపు చప్పుడు కాగానే ఎదురు పరుగెత్తే మా ఆరేళ్ల పాప ఇప్పుడు లోపలి గదిలోకి వెళ్లిపోతున్నది" అని చెప్పింది. నేను అతణ్ణి పిలిపించి, "మీటింగు సమయం మార్చమని ఎన్నడైనా అడిగావా?" అన్నాను. అతను తెల్లబోయాడు. "మీరు సబ్ర్ చెయ్యమన్నారు కదా!" అన్నాడు. మరునాడు మర్యాదగా ఒక మెయిల్ రాశాడు. మీటింగు మూడు గంటలకు మారింది.

ఒక్క మెయిల్‌తో తీరే విషయానికి ఒక బిడ్డ నాలుగు నెలలు తండ్రికి దూరమైనది. అందులో నా వంతు దోషం ఉన్నది. మంచి మందునే ఇచ్చాను, కాని రోగం ఏమిటో అడగలేదు.

అరబీలో 'సబ్ర్' అనే మాటకు మూలార్థం నిగ్రహించడం, బిగబట్టి నిలపడం. చేతులు ముడుచుకొని కూర్చోవడమని దానికి అర్థం లేదు. ఒంటెను కట్టి నమ్మకముంచాలా, వదిలేసి నమ్మకముంచాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ముందు కట్టమని, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన సంగతి తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉన్నది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఈ సంగతినే తమ పద్ధతిలో పరిశీలించారు. ఉద్వేగాన్ని అదుపు చేసుకునే మార్గాలను జేమ్స్ గ్రాస్ అనే అమెరికా శాస్త్రవేత్త 1998లో ఐదుగా విభజించాడు. అవి: పరిస్థితిని ఎంచుకోవడం, దానిని మార్చడం, దృష్టిని మళ్లించడం, విషయాన్ని మరో విధంగా అర్థం చేసుకోవడం, చివరికి పైకి వచ్చే ప్రతిస్పందనను నిగ్రహించడం. అలిసన్ ట్రాయ్, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధన మరొక మెట్టు ఎక్కింది. మన చేతిలో లేని కష్టంలో మనసుకు నచ్చజెప్పుకోగల నేర్పు కుంగుబాటు తక్కువగా ఉండడంతో ముడిపడి ఉన్నది. మార్చగల కష్టంలోనైతే అదే నేర్పు కుంగుబాటు ఎక్కువగా ఉండడంతో ముడిపడి కనిపించింది. ఆ యువకుని కథ నాకు అప్పుడు అర్థమైంది.

కనుక మనసు కలత చెందినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇది నా చేతిలో ఉన్నదా? నా ఉద్వేగం ఇప్పుడు ఎంత తీవ్రంగా ఉన్నది?

సాయంత్రం కొత్తగూడ కూడలిలో వాహనాల మధ్య చిక్కుకున్నామనుకోండి. 2023 జనవరి 1న ఫ్లైఓవర్ ప్రారంభమైనా అక్కడ రద్దీ తీరలేదు. హారన్ మోగించినంత మాత్రాన దారి రాదు. ఇక్కడ దృష్టిని మళ్లించడమే మేలు: నాలుకపై జిక్ర్, చెవిలో ఖుర్ఆన్ పారాయణం. అయితే అరగంట ముందు బయలుదేరగలిగినవారు అలా చేయడం అంతకంటె మేలు.

రాత్రి పది గంటలకు భార్యాభర్తల మధ్య మాట పెరిగిందనుకోండి. ఆగ్రహం మరుగుతున్నప్పుడు హితబోధ తలకెక్కదు, న్యాయాన్యాయాల చర్చ నిప్పులో నెయ్యి పోస్తుంది. నిలబడి ఉన్నవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని దైవప్రవక్త (స) నేర్పారు. కోపంతో ఉన్న న్యాయమూర్తి తీర్పు చెప్పరాదన్నారు. ఇంటి యజమాని కూడా ఆ ఘడియలో న్యాయమూర్తి వంటివాడే. కోపంలో జారిన ఒక్క మాట కాపురాన్నే కూల్చగలదు. వుజూ చేసి, నీళ్లు తాగి, మాటను తెల్లవారేదాకా వాయిదా వేయండి. తెల్లవారాక మాత్రం తప్పక మాట్లాడండి. వాయిదా వేసిన మాటను పూడ్చిపెడితే అది లోపలే కుళ్లుతుంది.

ఉద్యోగం పోయిన కబురు వచ్చిందనుకోండి. మొదటి రోజే "అంతా మన మంచికే" అని ఉపదేశించకండి. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు, అయినా ప్రభువుకు నచ్చని మాట పలకలేదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన శోకాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. ఆ వెంటనే యూసుఫ్‌నూ, అతని సోదరుణ్ణీ వెదకండని కుమారులను పంపారు. యూసుఫ్ సూరాలో ఈ రెండు విషయాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఏడవనివ్వండి, తరువాత వెదకడానికి తోడు నిలవండి.

ఒక హెచ్చరిక. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి సబ్ర్ చెయ్యమని చెప్పి పంపడం దౌర్జన్యానికి అండ నిలవడమే. ఆమెకు రక్షణ కావాలి, అండగా నిలిచే పెద్దలు కావాలి, అవసరమైతే చట్టం కావాలి. అలాగే వారాల తరబడి నిద్రాహారాలు లేకుండా కుంగిపోయినవారికి దుఆతో పాటు వైద్యుడూ అవసరమే. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన వైద్య గ్రంథంలో దేహారోగ్యం తరువాత మనసు ఆరోగ్యాన్ని కూడా చేర్చి, కోపానికి, భయానికి, దుఃఖానికి వేరువేరుగా చికిత్సలు వివరించారు.

ఇప్పుడు నా దగ్గరకు ఎవరైనా బాధతో వస్తే, సబ్ర్ అనే మాటకు ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: "దీనిలో నీవు మార్చగలిగినది ఏమైనా ఉన్నదా, బేటా?"

మార్చగలిగినదాన్ని మార్చే ధైర్యాన్ని, మార్చలేనిదాన్ని భరించే స్థైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.