డబ్బా మీద 300 వాట్లు



పోయిన నెల సాంచ మోటరు ఎందుకు కాలుతదో రాసిన. అది చదివి గల్లీల నలుగురు ఆపి అడిగిన్రు. ఈ నెల కూడా కాలిన సంగతే, కానీ సాంచది కాదు. గాడిల పాటలు వినే స్పీకర్లది. సాంచ పనోనికి స్పీకర్లతో ఏం పని అనుకోవద్దు. మన పూర్వభాగ్‌ల సాంచలు బంద్ పెట్టినోళ్ళ పిల్లలు ఎంతోమంది ఇప్పుడు గాడీలు నడిపే బతుకుతున్నరు. వాళ్ళ చేతి డబ్బులు ఎట్ల పోతున్నయో కూడా మనం తెలుసుకోవాలె.

మా చిన్నోడు లోన్ మీద ఏడు సీట్ల గాడి తీసుకున్నడు. తుల్జాపూర్, అక్కల్‌కోట్, పండర్‌పూర్ కిరాయిలు. పెండ్లిళ్ళ కాలంల కరీంనగర్, వరంగల్ దాకా పోతడు. పాట లేకపోతే కిరాయికి వచ్చినోళ్ళు ముఖం మాడ్చుకుంటరు. అందుకని గాడితో వచ్చిన స్పీకర్లు తీసి, డబ్బా మీద 300 వాట్లు అని రాసి ఉన్న జత 3,200 రూపాయలకు కొని పెట్టించిండు. నాలుగు నెలలకు సన్న శబ్దాలు పోయినయి. తాళాల చప్పుడు లేదు, పాడే ఆమె గొంతు గోనెసంచిల నుంచి వచ్చినట్టు ఉన్నదని వాడు చెప్పిండు. నాకైతే తేడా తెలవలేదు. ఎందుకు తెలవలేదో ముందుకు చెప్త.

దుకాణంల "టేపుకు దమ్ము లేదు, ఆంప్లిఫయర్ వెయ్యి" అన్నరు. ఇప్పటిదాన్ని స్టీరియో అంటరు గానీ మాకు అది ఇంకా టేపే. ఆంప్లిఫయర్, మళ్ళ కొత్త స్పీకర్లు, తీగలు, కూలి అన్నీ కలిసి 11,000 అయింది. ఒక నెల కిస్తు దాని కిందనే పోయింది. రెండు నెలలు గడిచినయో లేదో, ఎడమ తలుపు స్పీకర్ టకటక కొట్టుకొని ఆగిపోయింది. మళ్ళ అదే దుకాణానికి పోతే ఈసారి "ఆంప్లిఫయర్ దమ్ము ఎక్కువైంది" అన్నరట. అదే నోటితో మొన్న తక్కువ, ఇయ్యాల ఎక్కువ.

రాత్రి అన్నం పెట్టుకుంట కోడలు అన్నది: "మామయ్యా, మిల్లుల అన్నేండ్లు మోటర్లు చూసిన్రు గదా, దీన్ని మీరైనా ఒకసారి చూడున్రి."

చెడిపోయిన స్పీకర్లు మూల పడేసి ఉన్నయి. రెండూ తెచ్చి కోసి చూసిన.

లోపల పెద్ద మాయ ఏం లేదు. వెనక అయస్కాంతం, దాని నడుమ సన్న సందు, ఆ సందుల రాగి తీగ చుట్టిన చిన్న గొట్టం. దాన్నే కాయిల్ అంటరు. గొట్టానికి అతికి ముందర కోన్ ఉంటది. వెనక ముడతల ముడతల గుడ్డ ఒకటి ఉంటది, స్పైడర్ అంటరు, అది కాయిల్‌ను సందు నడుమ నిలబెడ్తది. కరెంటు ఒక దిక్కు పారితే కాయిల్ ముందుకు, తిరిగి పారితే వెనకకు. నాడె ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు పోయి వచ్చినట్టే.

మొదటి జతల పెద్ద కాయిల్ మంచిగనే ఉన్నది. నడుమ ఉండే చిన్న స్పీకర్, ట్వీటర్ అంటరు, పోయింది అదే. దాని కాయిల్ తీగ వెంట్రుకంత సన్నం. మీటరు పెడితే ముల్లు కదలలే. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన మోటరు వాసన, వార్నిష్ మాడిన వాసన. ఆ వాసన మనకు కొత్తది కాదు.

రెండోది అట్ల లేదు. కాయిల్ కొత్త రాగి లెక్క ఎర్రగ ఉన్నది, ఎక్కడా మాడలేదు. కానీ స్పైడర్ చినిగింది. గొట్టం అడుగు అంచు వెనక ఇనుప బిళ్ళకు కొట్టుకొని సొట్టపోయింది. కోన్ దగ్గరికి పోయే జడ తీగ తెగింది. అంటే ఒకటి వేడితో చచ్చింది, ఇంకొకటి హద్దు దాటి ఊగి చచ్చింది. దుకాణంల రెండింటికీ ఒక్కటే మాట, "జళాలా".

ముందు వేడి సంగతి. స్పీకర్‌కు ఇచ్చిన కరెంటుల శబ్దం అయ్యేది నూటికి ఒకటో రెండో పాళ్ళు. మిగిలిందంత కాయిల్‌ల వేడి అయితది. ఆగకుండ ఎంత మోయగలదో చెప్పే లెక్క ఆర్ఎంఎస్ వాట్లు. మా డబ్బా ముందర 300 అని బొద్దుగ ఉన్నది. తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల ఆర్ఎంఎస్ 50 అని ఉన్నది. ఆ 300 క్షణంసేపు తట్టుకునేది. బీము ఒక్కసారి లేపి కింద పెట్టుడు వేరు, భుజాన వేసుకొని ఖాతా అంతా నడుచుడు వేరు గదా.

టేపు మీద కూడా 50 వాట్లు, నాలుగు స్పీకర్లకు అని రాసి ఉంటది. అదీ ఉత్తదే. గాడి చాలు ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 14.4 వోల్టులు అనుకో. ఆ వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకర్‌కు స్వచ్ఛంగ ఇవ్వగలిగేది లెక్క ప్రకారం 26 వాట్లు. నష్టాలు పోంగ 20కి అటో ఇటో.

మరి 20 వాట్ల టేపు 50 వాట్ల స్పీకర్‌ను ఎట్ల మాడ్చింది? నాకు ఇక్కడ్నే రెండు రోజులు పట్టింది. పాట అంటే అల. సౌండు పెంచితే అల ఎత్తు పెరుగుతది. కానీ 14 వోల్టుల కాడ కప్పు ఉన్నది, దాన్ని దాటి పోలేదు. ఇంకా తిప్పితే అల తలకాయ కప్పుకు తగిలి కోసినట్టు చదును అయితది. దీన్ని క్లిప్పింగ్ అంటరు. పూర్తిగ చదునైన అలల, అదే ఎత్తు ఉన్న మంచి అలకు రెండింతల వాట్లు ఉంటయి. 20 వాట్ల టేపు 40 దాకా తోస్తది. మామూలు పాటల గట్టి దెబ్బకూ దెబ్బకూ నడుమ కాయిల్ చల్లబడ్తది. అతిగ పెంచితే చిన్న శబ్దాలు కూడా కప్పు దాకా వస్తయి, ఇగ చల్లబడే సందే ఉండదు. పైగ కోసిన అలల పదునైన సన్న శబ్దాలు కొత్తగ పుడ్తయి, అవన్నీ పొయ్యి ట్వీటర్ మీద పడ్తయి. మామూలు పాటల సన్న శబ్దాల బలం తక్కువ కాబట్టి ట్వీటర్‌ను కొద్ది వాట్లకే చేస్తరు. 50 వాట్ల స్పీకర్ అంటే దాని ట్వీటర్ కూడా 50 మోస్తదని కాదు. మన సాంచ మోటరు వోల్టేజి పడిపోయినప్పుడు కాలదా? రెండింటికీ లోపలి కారణం వేరు, కానీ కరెంటు తక్కువుంటే వస్తువు భద్రం అనుకునుడు రెండు చోట్లా తప్పే.

ఇంకొక మాట. సౌండు రెండింతలు వినపడాలంటే వాట్లు రెండింతలు చాలవు, దగ్గర దగ్గర పదింతలు కావాలె. 20 వాట్లు పోయి 40 వచ్చినా చెవికి తెలిసేది కొద్దిగనే. పిల్లలు ఇది తెలవక తిప్పుతనే ఉంటరు.

రెండో స్పీకర్ సంగతి: ఆరు అంగుళాల స్పీకర్‌ను తలుపుల పెట్టి డోలు దెబ్బ ఇవ్వమంటున్నం. శబ్దం ఎంత లోతైతే కోన్ అంత దూరం ఊగాలె. అదే సౌండుకు లోతు సగానికి దిగితే ఊగుడు నాలుగింతలు. ఆంప్లిఫయర్ మీద బేస్ బూస్ట్ మొత్తం తిప్పి ఉన్నది. లోతు శబ్దాలను ఆపే హైపాస్ స్విచ్చు బందే ఉన్నది. పెండ్లి కిరాయిల బరాత్ పాటలు. చినగక ఏమైతది?

దుకాణంల ఆంప్లిఫయర్‌దే తప్పు అన్నరు గానీ, దాని కాగితంల 4 ఓమ్‌లకు ఒక్కో స్పీకర్‌కు ఆర్ఎంఎస్ 60 వాట్లు అని ఉన్నది. 50 వాట్ల స్పీకర్‌కు అది సరైన జోడే. స్పీకర్ ఆర్ఎంఎస్‌కు సమానం, లేదా కొంచెం ఎక్కువ ఉంటేనే మంచిది, కప్పు ఎత్తుగ ఉంటది కాబట్టి అల కొసలు తెగవు. కాకపోతే సరిగ కట్టాలె. గెయిన్ అని రాసిన మర సౌండు పెంచేది కాదు, టేపుకూ ఆంప్లిఫయర్‌కూ కొలత కలిపేది. మాదాంట్ల అది చివరిదాకా తిప్పి పెట్టిన్రు.

మనుమడు ఫోన్ల లెక్క కట్టిండు: 50ని 4తో గుణిస్తే 200, దాని వర్గమూలం 14 చిల్లర. స్పీకర్ తీగలు ఊడదీసి, టేపును ముప్పాతిక కాడ పెట్టి, 400 హెర్ట్జ్ టెస్ట్ టోన్ మోగించి, ఆంప్లిఫయర్ బయటికి ఏసీ వోల్టులు కొలిచినం. గెయిన్ సన్నంగ పెంచుకుంట 14 కాడ ఆపినం. హైపాస్ 80 హెర్ట్జ్ కాడ వేసినం. బూస్ట్ సున్నా.

తీగల గురించి కూడా రాయాలె. బ్యాటరీ కాడ 14.2 ఉంటే, సౌండు పెంచినప్పుడు ఆంప్లిఫయర్ కాడ 12.1 చూపింది. సన్న తీగ వేసిన్రు. కప్పు మనమే దించుకున్నట్టు. లావు తీగ మార్చి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించినం. ఫ్యూజు ఆంప్లిఫయర్ దగ్గర ఒక్కటే ఉంటే నడుమ తీగ రాసుకుపోయి అంటుకుంటే కాపాడేది ఏం లేదు. ఇంకోటి, ఒకే జత తీగలకు రెండు 4 ఓమ్‌ల స్పీకర్లు పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లు అయితది. 2 మోస్తదని కాగితంల లేకపోతే ఆ పని చెయ్యవద్దు.

ఇప్పుడు నా సంగతి.

నేను 31 ఏండ్లు సాంచ ఖాతాల పని చేసిన. 90 డెసిబెల్‌లు దాటే చప్పుడుల ఎనిమిది గంటలు. చెవుల పెట్టుకునేది లేక వేస్టు దూది ఉండ చేసి పెట్టుకునేటోళ్ళం. రెండేండ్ల కింద చెవి పరీక్ష చేస్తే కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ కాడ బావిల దిగినట్టు దిగింది. చప్పుడుల పనిచేసినోళ్ళకు ముందు పోయేది అక్కడ్నే అని డాక్టరమ్మ చెప్పింది. ముందు సీటుల నేను కూసుంటే పాట నాకు మసకగ ఉంటది. అందుకని నేనే తిప్పుత. క్లిప్పింగ్ మొదలైనప్పుడు వచ్చే చిర్రు చిర్రు మోత కూడా ఆ సన్న శబ్దాల్లనే ఉంటది. గాడిల అందరికీ వినపడ్తది, నాకు వినపడది. కొడుకు పెద్దమనిషిని ఏమంటమని ఊకున్నడు. మొదటి జత ట్వీటర్లు పోయింది మా అత్తగారి ఊరికి పోయొచ్చిన తర్వాతనే. రానుపోను ముందు సీటుల నేనే ఉన్నా.

లెక్క తేలిన రాత్రి కొడుకుతో చెప్పిన. "నాకు ఎరికే నాయినా" అన్నడు. ఎప్పటిసంది అని అడగలేదు.

ఇప్పుడు టేపు మర మీద ముప్పాతిక కాడ కోడలు ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టింది. చిన్న మనుమరాలు నా వెనక సీటుల కూసుంటది. మోత మొదలైతే నా భుజం తట్టాలె, అది దాని డ్యూటీ. మొన్న తుల్జాపూర్ పోతుంటే రెండుసార్లు తట్టింది. మొదటిసారి నేను కొంచెమే తగ్గించిన, అందుకే రెండోసారి.