ఊరు చూసి ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి సంగతి మరో నెల చూద్దాము. ఈ నెల ఇంటిని గురించే రాయవలసి వచ్చింది. కారణమేమంటే, బెంగుళూరులో మనవాళ్ళ తాతల నాటి ఇండ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. ఒక ఇంట అన్నదమ్ముల పంపకాలు తెమలక, మరొక ఇంట కప్పు కారుతున్నదని, ఇంకొక ఇంట పిల్లలకు పాతదంటే మోజు లేదని. పోయినవాటి చోట లేచేవన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. చెన్నైలో చూసినా అవే, ముంబయిలో చూసినా అవే. గుమాస్తా ఉద్యోగం చేసుకునే మేము కట్టడాల శాస్త్రం చదువుకోలేదు. కాని వీధిలో నడిచేటప్పుడు నాలుగు వైపులా చూడడానికి పట్టా అక్కరలేదు గదా!

మొదట ఈ ఊరి స్వభావం తెలుసుకుందాము. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఎండ చురుక్కుమనిపించినా, నీడలోకి వస్తే హాయిగా ఉంటుంది. ఇక నేల కింద అంతా రాయే. లాల్‌బాగ్‌లోని గుట్ట రాయి వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. 1956లో పూర్తయిన విధానసౌధ కూడా ఈ చుట్టుపట్ల రాతితో కట్టినదే. ఇక్కడి రాళ్ళను పగలగొట్టి, చెక్కి ఇచ్చిన ఒడ్డెరలలో ఇంట తెలుగు మాట్లాడేవారు ఎందరో. ఆ లెక్కన ఈ ఊరి గోడలలో మన భాష కూడా కొంత ఉన్నది.

పాత బెంగుళూరు ఇల్లు ఈ నీడనూ ఈ రాతినీ గుర్తెరిగి కట్టినది. రాతి పునాది, దళసరి గోడ, పైన మంగుళూరు పెంకు. లేకుంటే మద్రాసు టెర్రస్, అనగా టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు. బంగళాలకైతే కిటికీల పైన కొయ్యపట్టీలతో కోసుగా ఒక చూరు ఉండేది. దానిని 'మంకీ టాప్' అంటారు. ఎండ ముఖాన కొట్టదు, వానజల్లు లోపలికి రాదు, గాలి మాత్రం వస్తుంది. చూడడానికి సొగసే, కాని సొగసు కోసమే పెట్టింది కాదు.

ఈ కాలపు పెద్ద భవనాలలో ఇది సాధ్యమా అని అడుగుతారేమో. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం చూడండి. 2009లో వచ్చిన 'త్రీ ఇడియట్స్' సినిమాలో కాలేజీగా కనిపించింది ఇదే. దీని రూపశిల్పి బాలకృష్ణ దోశి. 1927లో పుట్టి 2023లో గతించిన ఈయన పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పని నేర్చుకున్నారు. అహమ్మదాబాదు ఐఐఎం కట్టినప్పుడు లూయీ కాన్‌తో కలిసి పనిచేశారు. ఆ అహమ్మదాబాదు కట్టడం అంతా ఎర్ర ఇటుక. అక్కడి మండుటెండకు తగినట్లు మందమైన గోడలు, వాటిలో పెద్ద పెద్ద గుండ్రని ఖాళీలు, వెనుక నీడ.

బెంగుళూరులో అదే పేరుగల సంస్థకు కట్టడం రూపొందించే అవకాశం వచ్చినప్పుడు, దోశి అక్కడి ఇటుకను రైలెక్కించి ఇక్కడికి తేలేదు. ఇక్కడి బూడిదరంగు రాతినే నునుపు చేయకుండా గరుకుగా గోడలకు వాడారు. ఫతేపూర్ సిక్రీ మొగలుల కట్టడాలలోని వరండాలను, ముంగిళ్ళను, ఈ ఊరి తోటలను మనస్సులో పెట్టుకొని పొడుగాటి నడవలు వేశారు. నడవ పైన ఒకచోట కప్పు, ఒకచోట తీగలు పాకే పందిరి, ఒకచోట వట్టి ఆకాశం. బెంగుళూరు వాతావరణంలో ఆరుబయట నిలబడి మాట్లాడుకోవచ్చును గనుక, చదువు తరగతి గదిలోనే కాక నడవలో కూడా సాగాలని ఆయన ఉద్దేశం. ఇదే నడవను పడమటెండలో మాడే ఊళ్ళో కడితే ఎవరూ నిలబడరు. 2018లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమానం వచ్చింది. భారతీయులలో అది అందుకున్న మొదటివారు ఆయనే.

అదే నగరంలో నిలువెల్లా అద్దాలు తొడిగిన మేడలనూ చూస్తున్నాము. అద్దం వెలుతురుతోపాటు వేడిని లోపలికి రానిస్తుంది, వచ్చినదానిని తేలికగా బయటికి పోనివ్వదు. ఆపైన చల్లయంత్రాలు పెట్టి కరెంటు బిల్లు కట్టాలి. చల్లని ఊళ్ళో ఉండి చల్లదనాన్ని కొనుక్కోవడమంటే ఇదే!

కొత్తది కట్టడం ఒక విద్య అయితే, పాతదానికి కొత్త పని అప్పగించడం మరొక విద్య. ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు మేడ ఒకప్పుడు కాపురమున్న ఇల్లు. దానిని కూలగొట్టకుండా, పెద్ద చెట్లను కాపాడుకుంటూ, అదనపు చోటును కొత్త భాగంగా చేర్చి 2009లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలగా తెరిచారు. ఊరి నడుమనున్న పాత సెంట్రల్ జైలు సంగతి ఇంకా విచిత్రం. 1975లో ఎమర్జెన్సీ నాడు వాజపేయి, అద్వానీ గార్లను ఉంచిన జైలు అది. ఖైదీలను వేరేచోటికి మార్చిన తర్వాత మాథ్యూ అండ్ ఘోష్ అనే ఆర్కిటెక్టులు కావలి బురుజును నిలిపి, మిగిలిన ఆవరణను ఉద్యానంగా తీర్చారు. 2008లో ఫ్రీడమ్ పార్కుగా తెరిచారు. మొత్తం తుడిచివేసి ఉంటే మరో పూలతోట వచ్చేది, ఆ జ్ఞాపకం పోయేది.

ఈ మధ్య సంఘం ఆవరణలో ఒక పెద్దాయనకు, వారి మేనల్లుడికి జరిగిన సంభాషణ మా చెవిన పడింది.

"మామయ్యా, బాగుచేయించడం కంటే పడగొట్టి కట్టుకోవడమే చవక గదా?"

"చవకేనేమో నాయనా! పోయిన టేకు దూలం మళ్ళీ ఏ ధరకు దొరుకుతుందో, ఆ లెక్కలో వేశావా?"

చిట్టా ఆవర్జాలతో కాలం గడిపే మాకు ఈ ప్రశ్న బాగా నచ్చింది. మంచి ఆర్కిటెక్టు కూడా ముందు ఈ లెక్కే వేస్తాడు.

అలాగని ప్రతి పాతగోడనూ దేవుడిలా పూజించమని మేము అనము. పునాది కుంగితే, సంసారం పెరిగితే మార్చక తప్పదు. కాని కప్పు కారితే ఇల్లంతా కూల్చనక్కరలేదు. పుచ్చిన దూలమొక్కటి మార్చి, పైన మళ్ళీ సున్నంపని చేయిస్తే చాలునేమో తెలిసినవారికి చూపించండి. సున్నపు గోడ మీద సిమెంటు పూత పూయించకండి. లోని చెమ్మ బయటికి పోలేక గోడను తినివేస్తుంది. కొత్తదే కట్టదలిస్తే ప్లాను గీయించే ముందు ఆర్కిటెక్టును ఒక పూట స్థలంలో నిలబెట్టండి. పడమటెండ ఎక్కడ పడుతుంది, గాలి ఎటునుంచి వస్తుంది, వాననీరు ఎటు పారుతుంది, ఏ చెట్టును ఉంచవచ్చును, పక్కింటి వెలుతురు మనం మింగుతామా అన్న సంగతులు చూసి ఆయన గీత గీయాలి. పటం చూసి మాత్రమే గీసే ఇల్లు ఏ ఊరికీ చెందదు.

మన కుటుంబాలు ఎన్నో తరాల కిందట ఈ ఊళ్ళకు వచ్చి, ఇంట మన మాట మాట్లాడుకుంటూ వీధిలో వీరి మాట నేర్చుకొని కుదురుకున్నాయి. ఇల్లు కూడా అలాగే కుదురుకోవాలి. యానాం, బరంపురం, మధుర, షోలాపూరు వైపు సభ్యులు తమ ఊళ్ళో పాత ఇంటికి కప్పు దేనితో వేసేవారో, వానను ఎలా కాసుకునేవారో నాలుగు ముక్కలు రాసి పంపితే, వచ్చే సంచికలో అందరితో పంచుకుంటాము. ఆ ఇల్లు నిలిచి ఉండగానే రాయండి.