ఎన్నేళ్లు చేయి చాచాలి?

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ (ఎస్‌ఎంఏ) పుట్టుకతో వచ్చే జన్యులోపం. వెన్నుపాములో కండరాలను నడిపించే నరాల కణాలు బతకడానికి కావాల్సిన ప్రోటీన్ ఈ జబ్బున్న పిల్లల ఒంట్లో చాలినంత తయారుకాదు. జబ్బు తీవ్రంగా ఉంటే మెడ నిలవదు, కూర్చోలేరు, మింగలేరు, చివరికి ఊపిరి తీయడమే కష్టమవుతుంది. రిస్‌డిప్లామ్ అనే మందు ఆ ప్రోటీన్‌ను పెంచుతుంది. రోజుకోసారి తాగితే చాలు. అయితే అది లోపమున్న జన్యువును సరిచేయదు కాబట్టి ఆపడానికి వీల్లేదు, ఏళ్ల తరబడి తాగుతూనే ఉండాలి.

ఈ పిల్లల ఇళ్లలో అమ్మానాన్నలు రోజూ వేసుకునే లెక్క ఇది. ఒక్కో సీసాలో 60 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండేళ్లు నిండి, 20 కిలోలు దాటిన బిడ్డకు రోజుకు 5 మిల్లీగ్రాములు కావాలి. సీసా 12 రోజులొస్తుంది. ఏడాదికి దాదాపు 30 సీసాలు. రోష్ కంపెనీ దీన్ని ఎవ్రిస్డి పేరుతో మన దేశంలో సీసా దాదాపు 6.2 లక్షల రూపాయలకు అమ్మింది. అట్ట మీది ధర ప్రకారం ఏడాదికి కోటీ 86 లక్షలు.

కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల దాకా సాయం అందుతోంది. డబ్బు కుటుంబం చేతికి రాదు, గుర్తింపు పొందిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ద్వారానే వెళ్లాలి. హైదరాబాద్‌లో ఆ బాధ్యత సీడీఎఫ్‌డీ, నిమ్స్‌లది. జన్యు పరీక్షలో జబ్బు తేలిన వెంటనే ఏ తల్లిదండ్రులైనా ముందు తొక్కాల్సిన గడప అదే. ఇంకే మందైనా విదేశం నుంచి తెప్పించుకోవాల్సి వస్తే, ఆ విధానంలోని జబ్బులకు 2023 ఏప్రిల్ నుంచి దిగుమతి సుంకం లేదు. జిల్లా వైద్యాధికారి ఇచ్చే ధ్రువపత్రం కూడా అందుకు చెల్లుతుంది. ఈ సంగతి తెలియక సుంకం కట్టే కుటుంబం ఒక్కటి కూడా ఉండకూడదు.

అయినా ఆ 50 లక్షలకు రోష్ ధరలో ఎన్ని సీసాలొస్తాయి? ఎనిమిది. అంటే మూడు నెలల మందు.

నాలుగో నెల నుంచి విరాళాలు. బిడ్డ ఫొటో, ఆస్పత్రి కాగితం, బ్యాంకు ఖాతా నంబరు మన ఫోన్లలోకి వస్తాయి. చూసినవాళ్లు వందో వెయ్యో పంపుతారు. ఆ మంచితనానికి చేతులెత్తి మొక్కుతాను. ఇదే జబ్బుకు ఒక్కసారి ఇచ్చే జొల్జెన్‌స్మా ఇంజెక్షన్‌కు 16 కోట్లు పోగయిన పిల్లలు నిజంగానే ఉన్నారు. కానీ రోజూ తాగాల్సిన మందుకు ప్రతి నెలా కొత్త దాతలను ఎక్కడి నుంచి తేవాలి? వీడియో తీయడం రాని, సిటీలో ఎవరూ తెలియని కూలి మనిషి బిడ్డ కోసం ఎవరు అడుగుతారు? ఏ బిడ్డ బతకాలో ఫోన్లలో తేలడం నాకు ఒప్పుకోలేని విషయం.

ధర దిగితే ఏమవుతుందో 2025 అక్టోబరులో చూశాం. హైదరాబాద్ కంపెనీ నాట్కో ఇదే మందును తయారుచేసి అమ్మబోతుంటే ఆపాలని రోష్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రోష్‌కు 2035 దాకా పేటెంటుంది. దానికంటే ముందే ఇలాంటి రసాయనాల కుటుంబం మొత్తానికీ మరో పేటెంటు ఉంది. ఆ పాత పేటెంటును బట్టే రిస్‌డిప్లామ్ ఊహించదగ్గది కాదా అన్నది వివాదం. నాట్కోను ఆపడానికి ఆ ఏడాది మార్చిలో ఏకసభ్య ధర్మాసనం ఒప్పుకోలేదు. అక్టోబరు 9న డివిజన్ బెంచ్ కూడా ఒప్పుకోలేదు. 17న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. పేటెంటు చెల్లుతుందా లేదా అన్నది విచారణలో ఇంకా తేలాలి. ఈ కేసులో ఎస్‌ఎంఏ రోగులే తమ మాటా వినమని కోర్టు ముందు నిలబడ్డారు. వాళ్ల ధైర్యాన్ని తలచుకుంటే గుండె నిండిపోతుంది. నాట్కో ప్రకటించిన ధర సీసాకు 15,900 రూపాయలు.

ఇప్పుడు అదే 50 లక్షలను ఈ ధరతో లెక్కకట్టండి. 314 సీసాలు. పదేళ్ల మందు!

పరిశోధనకు డబ్బు ఎవరు పెడతారని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే రిస్‌డిప్లామ్ రోష్ ఒక్కటే కనిపెట్టింది కాదు. పీటీసీ థెరప్యూటిక్స్‌తో పాటు ఎస్‌ఎంఏ ఫౌండేషన్ కూడా అందులో భాగస్వామి. ఆ ఫౌండేషన్‌ను 2003లో అమెరికాలో స్థాపించింది ఈ జబ్బున్న బిడ్డను కన్న దంపతులే. తల్లిదండ్రుల పూనిక కూడా కలిసి పుట్టిన మందు, మరో దేశంలో తల్లిదండ్రులకు అందనంత ఎత్తున ఉండటం ఏ రకంగా న్యాయం?

2012లో బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావార్‌కు మన పేటెంట్ ఆఫీసు, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా వేరొకరు తయారుచేసుకునే కంపల్సరీ లైసెన్స్ ఇచ్చింది. అప్పుడూ తయారుచేసింది నాట్కోయే. నెలకు 2.8 లక్షలున్న ఖర్చు 8,880 రూపాయలకు దిగింది. ఆ తర్వాత మన దేశం అలాంటి లైసెన్స్ మరొకటి ఇవ్వలేదు. ప్రజల అవసరం కోసం పేటెంటు మందును ప్రభుత్వమే తయారుచేయించుకునే అధికారం పేటెంట్ల చట్టంలో 100వ సెక్షన్ కింద ఉంది. దాన్ని వాడకుండా రోగులను కోర్టుల చుట్టూ తిప్పడం సర్కారు చేస్తున్న తప్పు.

15,900 కూడా తక్కువేమీ కాదు. ఏడాదికి దాదాపు 4.8 లక్షలు. ఆటో నడిపే తండ్రికి అది మోయలేని బరువే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి ఏడాదికి 10 లక్షలు. ఇంట్లో రోజూ తాగే ఈ మందును అందులో పూర్తిగా కలిపితే ఆ తండ్రి ఎవరినీ అడగనక్కర్లేదు.

ఒంట్లో ఎంజైము లోపించే గాషే, పాంపే లాంటి ఇతర అరుదైన జబ్బులున్న పిల్లల కష్టం ఇంకా తీరలేదు. వాళ్లకెక్కించే ఎంజైములను జీవకణాల్లో పెంచి తీయాలి, మాత్రల్లా తేలిగ్గా నకలు చేయలేరు. కొనే రోగులు కొద్దిమందే కాబట్టి ఏ కంపెనీ ముందుకు రాదు. 2023లో టైరోసినీమియా పిల్లల మందు నిటిసినోన్ ఇక్కడే తయారై, ఏడాదికి 2.2 కోట్ల నుంచి రెండున్నర లక్షలకు దిగింది. అంతటి పూనిక ఎంజైముల మీదా పెట్టాలి. అన్ని రాష్ట్రాల రోగులనూ కలిపి ఏటా ఇన్ని సీసాలు కొంటామని కేంద్రం ముందే రాతపూర్వకంగా హామీ ఇస్తే, హైదరాబాద్‌లోనే ఆ పనికి సిద్ధపడే కంపెనీలు దొరుకుతాయి. ఆ హామీ కాగితం ఢిల్లీలో ఆరోగ్యశాఖ రాయాలి.